లాక్ వదిలిన చోట ఆగు

విజయనగరం

తమ్ముడూ,

లినక్స్ కెర్నల్‌కి, అంటే ఆ ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగానికి, ఎవరో పంపిన ప్యాచ్ (కోడ్ మార్పు) మీద నువ్వు రాసిన మొదటి రివ్యూ రెండుసార్లు చదివాను. ఖాళీలు, వేరియబుల్ పేర్లు బాగా పట్టుకున్నావు. కానీ ఆ ప్యాచ్ ప్రాణమంతా లిస్టులోని ఎంట్రీలను ఒక్కొక్కటిగా చూసే లూప్‌లో ఉంది. అక్కడ మాత్రం "లాక్ ఉంది, సరిపోతుంది" అని దాటేశావు.

లాక్ అంటే ఒక డేటాను ఒకేసారి ఒక్కరే ముట్టుకునేలా చేసే తాళం. ఆ లాక్ దేన్ని కాపాడుతోందో ముందు తేల్చుకో. లిస్టులోకి ఎంట్రీ చేర్చే ఫంక్షన్, తీసేసే ఫంక్షన్ ఎక్కడున్నాయో వెతుకు. అవి కూడా ఇదే లాక్ పట్టుకోకపోతే ఇక్కడి లాక్ ఉన్నా లేనట్టే. మారిన లైన్లు మాత్రమే చదివితే ఇది దొరకదు.

లినక్స్‌లో లిస్టు మీద లూప్ నడిపే లిస్ట్_ఫర్_ఈచ్_ఎంట్రీ_సేఫ్ కనబడగానే చాలామంది నిశ్చింతగా ఉంటారు. అది తర్వాతి ఎంట్రీని ముందే గుర్తుపెట్టుకుంటుంది, అంతే. లూప్ తన చేతిలోని ఎంట్రీని తీసేసినా ముందుకు సాగుతుంది. ఇంకో సీపీయూ ఆ తర్వాతిదాన్నే తీసేస్తే దానికి తెలియదు. స్పిన్‌లాక్ (దొరికేదాకా సీపీయూ తిరుగుతూ ఎదురుచూసే లాక్) పట్టుకుని కోడ్ నిద్రపోకూడదు కదా, మెమరీ అడిగితేనేమో నిద్రపోవాల్సి రావచ్చు, అందుకని మధ్యలో లాక్ వదిలి, మెమరీ తెచ్చుకుని, మళ్లీ పట్టుకునే కోడ్ నీకు తరచూ ఎదురవుతుంది. ఆ కాస్త వ్యవధిలో గుర్తుపెట్టుకున్న ఎంట్రీ ఫ్రీ అయిపోవచ్చు. అక్కడ ఆగు. లిస్టును మళ్లీ మొదటినుంచి చూస్తున్నారా? రిఫరెన్స్ ("ఇది నేను వాడుతున్నాను, ఫ్రీ చేయకు" అనే గుర్తు) తీసుకున్నామంటే నమ్మేయకు. దానివల్ల మెమరీ నిలుస్తుంది గానీ, ఎంట్రీ ఇంకా లిస్టులోనే ఉందన్న హామీ రాదు.

బ్రేక్, కంటిన్యూ, రిటర్న్ ఒక్కొక్కటీ వేలు పెట్టి చదువు. లాక్ విడవకుండా బయటపడే దారులు ఎక్కువగా ఎర్రర్ వచ్చినచోటే ఉంటాయి. బ్రేక్ పడకుండా లూప్ ముగిశాక, ఎంట్రీని చూపిస్తూ వచ్చిన లూప్ పాయింటర్ అసలైన ఏ ఎంట్రీదీ కాదు. దాన్ని తర్వాత వాడటం వల్ల వచ్చే తప్పుల మీద 2022లో జరిగిన చర్చతోనే కెర్నల్ 5.18లో సీ11కి, అంటే సీ భాష 2011 ప్రమాణానికి, మారింది.

2006 నుంచి కెర్నల్‌లో లాకుల వాడకాన్ని గమనించే లాక్‌డెప్ అనే సాధనం ఉంది, తప్పకుండా ఆన్ చెయ్యి. లాకులు పట్టుకునే వరుస తిరగబడితే చెబుతుంది, అదీ ఆ దారిలో కోడ్ నడిస్తేనే. ఏ డేటాకి ఏ లాక్ అన్నది మాత్రం నువ్వే చదవాలి.

రాసేటప్పుడు "ఇది తప్పు" అని వదిలేయకు. సీపీయూ 0 ఒక పక్క, సీపీయూ 1 ఒక పక్క పెట్టి, ఏ లైన్ తర్వాత ఏది నడిస్తే విరుగుతుందో చూపించు. చూపించలేకపోతే ప్రశ్నగా అడుగు. అవతలివాడూ కష్టపడి రాసినవాడే.

ఆదివారం ఆమదాలవలసలో రైలెక్కి వచ్చెయ్యి. ఆ ఫైలు మొత్తం ప్రింట్ తీసి తీసుకురా. ఎంట్రీని తీసేసే ఫంక్షన్ దగ్గర్నుంచి మొదలుపెడదాం.

నీ అన్న