హెలీస్కీయింగ్‌కి ఎక్కడికెళ్ళాలి? ముందు అక్కడ చెట్లున్నాయో లేదో చూడండి

ప్రశ్న: మేం నలుగురు ఫ్రెండ్స్‌మి, చాలా ఏళ్ళుగా ఏటా కలిసి స్కీయింగ్‌కి వెళ్తుంటాం. ముగ్గురం ఎంత నిటారు వాలైనా దిగేస్తాం, నాలుగో వాడు రిసార్ట్‌లో బాగానే చేస్తాడు గానీ లోతు మంచులో పెద్దగా అలవాటు లేదు. ఈసారి హెలికాప్టర్‌లో కొండెక్కి స్కీ చేస్తూ దిగే హెలీస్కీయింగ్‌కి వెళ్దామని డబ్బులు కూడబెట్టుకున్నాం, ఒక్క వారం సెలవుంది. ఇద్దరు అలాస్కా అంటున్నారు, ఒకడు కెనడా అంటున్నాడు, నాకేమో ఐస్‌లాండ్‌లో సముద్రం ఒడ్డుదాకా స్కీ చేస్తూ దిగే వీడియో చూసినప్పట్నుంచీ మనసు అక్కడే ఉంది. ఎలా తేల్చుకోవాలి?

జవాబు: మీ ఉత్తరంలో నేను రెండుసార్లు చదువుకున్నది మీ నాలుగో స్నేహితుడి గురించి రాసిన ముక్క. రిసార్ట్‌లో అయితే తలో దారిన వెళ్ళి సాయంత్రం కలుసుకోవచ్చు, ఇక్కడ అలా కుదరదు, హెలికాప్టర్ మిమ్మల్ని పైన దించేసి వెళ్ళిపోయాక అందరూ ఒకే గైడ్ వెనకాల ఒకే వాలు దిగాలి, గైడ్ ఆ వాలుని ఎంచుకునేది మీలో తక్కువ అనుభవం ఉన్నవాణ్ణి చూసే. కాబట్టి చోటు కూడా అతన్ని చూసే ఎంచుకోండి. లేదంటే అతనికి వారమంతా భయం, మీ ముగ్గురికి వారమంతా విసుగు, చివరికి స్నేహాలు చెడతాయి, నేను చూశాను.

ఇంక చోటు సంగతి. అందరూ మంచు ఎంత పడుతుంది, కొండ ఎంత ఎత్తు అని అడుగుతారు, నేను మొదట అడిగేది అక్కడ చెట్లున్నాయా అని. ఎందుకంటే పైలట్‌కి కిందకి దిగేటప్పుడు కంటికి ఆనవాలుగా ఏదో ఒకటి కావాలి. మబ్బు కమ్మి వెలుతురు చదునుగా అయిపోయిందంటే మంచూ ఆకాశం ఒకటే తెల్లగా కలిసిపోతాయి, నేల రెండు మీటర్ల కింద ఉందో ఇరవై మీటర్ల కింద ఉందో తెలీదు, పైగా రెక్కల గాలికి మంచంతా లేచి చుట్టూ ముసురుకుంటుంది. చెట్లుంటే ఆ నల్లటి కాండాలే ఆనవాలు, స్కీ చేసేవాళ్ళకి కూడా వాలు ఎటుందో అవే చూపిస్తాయి. చెట్లు లేని చోట అలాంటి రోజు ఎవరూ ఎగరరు, ఎగరకూడదు కూడా.

అలాస్కాలో వాల్డీజ్, హైన్స్ లాంటి చోట్ల వాలులు దాదాపు అన్నీ చెట్లు లేనివే. వాల్డీజ్ దగ్గర థాంప్సన్ పాస్‌లో 1952-53 చలికాలంలో 24 మీటర్లకి పైగా మంచు పడింది, అంత మంచు పడాలంటే అన్ని తుఫాన్లు రావాలి కదా, తుఫాను ఉన్నన్నాళ్ళూ మీరు లాడ్జ్‌లో పేకాట ఆడుకోవాల్సిందే. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు వారంలో ఎగిరింది రెండే రోజులు. ఆ రెండు రోజులు ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే కనపడతాయి, అది వేరే విషయం, కానీ మిగతా ఐదు రోజులు కిటికీలోంచి బూడిదరంగు చూస్తూ కూర్చున్నదీ అంతే గుర్తుంది. ఒక్క వారమే సెలవున్నవాళ్ళకి నేను అలాస్కా చెప్పను, కనీసం పది రోజులైనా చేతిలో ఉండాలి. అక్కడ చాలాచోట్ల హెలికాప్టర్ ఎగిరిన గంటల లెక్కన డబ్బు తీసుకుంటారు కాబట్టి ఎగరకపోతే ఏం తిరిగొస్తుందో ముందే రాతపూర్వకంగా తెలుసుకోండి.

అయినా అందరూ అలాస్కా అలాస్కా అని ఎందుకంటారంటే దానికి కారణం మంచు స్వభావం. సముద్రం పక్కనే ఉండటంతో అక్కడి మంచు కాస్త తడిగా ఉండి బాగా నిటారు వాలుకి కూడా అతుక్కుంటుంది, వేరే చోట రాయి మాత్రమే కనపడే కోణంలో అక్కడ మంచు నిలబడుతుంది. అందుకే 1991లో ఎక్స్‌ట్రీమ్ స్కీయింగ్ పోటీలు వాల్డీజ్‌లో మొదలయ్యాయి. మీ ముగ్గురికీ అది స్వర్గం, నాలుగో అతనికి మాత్రం కాదు.

కెనడాలో బ్రిటిష్ కొలంబియా లోపలి కొండలున్నాయి, మొనాషీ, సెల్‌కర్క్, కారిబూ, పర్సెల్ అని. ఈ వ్యాపారం మొదలైందే అక్కడ, 1965లో హాన్స్ గ్మోజర్ అనే ఆస్ట్రియాలో పుట్టిన గైడ్ పర్సెల్ కొండల్లోని బుగాబూస్‌లో మొదటిసారి డబ్బు కట్టిన జనాన్ని హెలికాప్టర్‌లో తీసుకెళ్ళాడు. అక్కడ పైన హిమానీనదాలు, కింద దట్టమైన అడవి. ఎండ వస్తే పైన, మబ్బొస్తే అడవిలో, అంటే వారంలో మీరు అసలు స్కీ చేయకుండా కూర్చునే రోజులు చాలా తగ్గిపోతాయి. మెత్తటి వాలులు కూడా బోలెడు, కాబట్టి మీ నాలుగో అతను రెండో రోజుకల్లా దారిలో పడతాడు, పౌడర్ కోసం, అంటే లోతుగా పడిన పొడి మంచు కోసం, వెడల్పాటి స్కీలు ఇస్తారు, స్కీ మధ్యభాగం వెడల్పు 110 మిల్లీమీటర్లకి పైన ఉండేవి, అవి మనిషిని పైకి తేలుస్తాయి, సగం పని అవే చేస్తాయి.

అలాగని అది భద్రమైన చోటని అనుకోకండి. లోపలి కొండల మంచు పొడిగా, తేలిగ్గా, అద్భుతంగా ఉంటుంది, కానీ చలి రాత్రుల్లో పైన పేరుకున్న తుషారం మీద కొత్త మంచు పడితే ఆ బలహీనమైన పొర వారాల తరబడి లోపలే దాక్కుని ఉంటుంది, మనిషి బరువు పడితే ఊడిపోతుంది. 1991 మార్చిలో బుగాబూస్‌లోనే ఒక్క అవలాంచ్‌లో, అంటే మంచు చరియ విరిగిపడి, తొమ్మిదిమంది పోయారు. అడవిలో ఇంకో ప్రమాదం చెట్టు మొదళ్ళ చుట్టూ ఉండే వదులు మంచు గుంతలు, తలకిందులుగా పడ్డారంటే సొంతంగా బయటికి రావడం దాదాపు అసాధ్యం, అందుకే ఎప్పుడూ జంటగా, ఒకరికొకరు కనపడేంత దూరంలో దిగమంటారు. ఈ మాట మీ నలుగురూ ఒట్టేసుకోండి.

ఐస్‌లాండ్ మీద మీ మనసు పడటంలో తప్పేం లేదు. ఉత్తరాన ట్రోల్ ద్వీపకల్పంలో కొండలు మహా అయితే 1,500 మీటర్లు, కానీ పైనుంచి సముద్రందాకా ఒకే దిగుడు, వాలులు విశాలంగా ఉంటాయి. ఏప్రిల్, మే నెలల్లో పగలు బాగా పొడుగు, పొద్దున్న మబ్బున్నా సాయంత్రం తెరిపిస్తే అప్పుడు ఎగురుతారు, చెట్లు లేని లోటుని ఆ వెలుతురు కొంత తీరుస్తుంది. అయితే అక్కడ వసంతంలో దొరికేది ఎక్కువగా రాత్రి గడ్డకట్టి పగలు పైపైన కరిగిన మంచు, మోకాళ్ళలోతు పౌడర్ కోసం వెళ్తే నిరాశ పడతారు. పౌడర్ అలవాటు లేనివాళ్ళకి మాత్రం ఈ మంచే సుఖం.

నా మాట అడిగితే ఈసారికి కెనడా, ఫిబ్రవరి రెండో సగంలో గానీ మార్చి మొదట్లో గానీ. జనవరిలో మంచు బావుంటుంది కానీ పగలు మరీ చిన్నది, చలి ఎక్కువ. నలుగురే ఉన్నారు కాబట్టి నలుగురూ ఒక గైడూ పట్టే చిన్న హెలికాప్టర్ నడిపేవాళ్ళని చూసుకోండి, పెద్ద వాటిలో పదిమంది దాకా ఒకే గుంపుగా వెళ్తారు, అక్కడ మీ స్నేహితుడి వల్ల ముక్కూ మొహం తెలియనివాళ్ళు ఆగాల్సి వస్తుంది. ఒక హెలికాప్టర్‌ని ఎన్ని గుంపులు పంచుకుంటాయో కూడా అడగండి, నాలుగు గుంపులుంటే పైన చలిలో ఎదురుచూపులు ఎక్కువ. అలాస్కా ఎక్కడికీ పోదు, ఇంకో ఏడాది ముగ్గురూ వెళ్ళండి.

ప్రశ్న: నాకు సెలవు దొరికేది జులై ఆగస్టుల్లోనే. ఆ నెలల్లో హెలీస్కీయింగ్ ఎక్కడైనా ఉంటుందా?

జవాబు: భేషుగ్గా ఉంటుంది, దక్షిణార్ధగోళంలో అది నడి చలికాలం. న్యూజిలాండ్ సదరన్ ఆల్ప్స్‌లో, క్వీన్స్‌టౌన్, వనాకా చుట్టుపక్కల, జులై నుంచి సెప్టెంబరు దాకా ఎగురుతారు. అక్కడ నాకు నచ్చేది ఏంటంటే వారం మొత్తం కట్టక్కర్లేదు, ఒక్క రోజుకి బుక్ చేసుకోవచ్చు, వాతావరణం బాగాలేకపోతే పక్కనే మామూలు స్కీ రిసార్ట్‌లున్నాయి, మొదటిసారి రుచి చూసేవాళ్ళకి ఇంతకన్నా మంచి పద్ధతి లేదు. చిలీలో ఆండీస్ కూడా ఉంది, శాంటియాగోకి దగ్గర్లో, కొండలు ఇంకా ఎత్తు, చెట్లుండవు, కానీ తుఫానుకీ తుఫానుకీ మధ్య ఎండరోజులు వరసగా వస్తుంటాయి.

ప్రశ్న: ఫ్రాన్స్‌లో షామొనీ వెళ్తున్నాం, అక్కడే ఒకరోజు హెలీస్కీయింగ్ చేద్దామంటే మా బావగారు అది చట్టవిరుద్ధం అంటున్నారు. నిజమేనా?

జవాబు: మీ బావగారి మాట నిజం. 1985లో వచ్చిన పర్వతాల చట్టం ప్రకారం ఫ్రాన్స్‌లో సరదా కోసం మనుషుల్ని హెలికాప్టర్‌లో కొండమీద దించడం నిషేధం. జర్మనీలోనూ కుదరదు, ఆస్ట్రియాలో లెఖ్ ప్రాంతంలో మాత్రమే అనుమతి. స్విట్జర్లాండ్‌లో ప్రభుత్వం గుర్తించిన నలభై దాకా చోట్లలోనే దించాలి, ఇటలీలో ఆవోస్టా లోయలో బాగానే నడుస్తుంది. షామొనీ నుంచి మోఁ బ్లాఁ సొరంగం దాటితే ఇటలీయే కాబట్టి చాలామంది అలా వెళ్ళొస్తారు. ఈ నిషేధాల వెనక కారణం ఉంది, చలికాలంలో జంతువులు తిండి దొరక్క ఒంట్లో శక్తి దాచుకుని బతుకుతుంటాయి, నెత్తిమీద హెలికాప్టర్ మోతకి బెదిరి పరిగెత్తితే ఆ శక్తి కాస్తా అయిపోతుంది. కాబట్టి అనుమతి ఉన్న చోటికే వెళ్ళండి, ఎవరైనా గుట్టుగా తీసుకెళ్తామంటే ఎక్కకండి.

ప్రశ్న: హిమాలయాల్లో చేస్తే ఎలా ఉంటుంది? ప్రపంచంలోనే ఎత్తైన కొండలు కదా, మంచు కూడా అంత బాగుండాలి కదా?

జవాబు: ఎత్తు ఎక్కువైతే మంచు బాగుంటుందని రూలేం లేదండీ. ఎత్తుతో వచ్చే చిక్కు గాలి పలచబడటం. హెలికాప్టర్ రెక్కలకి పట్టు తగ్గుతుంది కాబట్టి తక్కువమందిని మోస్తుంది. 2005లో ఒక ఫ్రెంచ్ పైలట్ ఎవరెస్ట్ శిఖరం మీదే హెలికాప్టర్ దించాడు, నిజమే, కానీ బరువంతా తగ్గించి ఒక్కడే వెళ్ళి చేసిన ఘనకార్యం అది, స్కీలతో నలుగుర్ని ఎక్కించుకుని చేసేది కాదు. మీ ఒళ్ళు కూడా అలవాటు పడాలి, నిమిషాల్లో నాలుగు వేల మీటర్ల పైకి వెళ్ళి దిగితే తలనొప్పి, వాంతులు వస్తాయి, ముందు రెండు మూడు రోజులు మధ్య ఎత్తులో గడపాలి.

వెళ్ళాలనుకుంటే మనాలి పైన హనుమాన్ టిబ్బా చుట్టూ వాలులు ఉన్నాయి, కశ్మీర్‌లో గుల్మార్గ్ ఉంది. రెండింట్లో నేను గుల్మార్గ్ అంటాను, దానికి కారణం అక్కడి గోండోలా, అంటే కేబుల్ కారు, అది దాదాపు నాలుగు వేల మీటర్ల దాకా తీసుకెళ్తుంది, కింద అడవి కూడా ఉంది, హెలికాప్టర్ కదలని రోజున కూడా మీ రోజు వృథా కాదు. జార్జియాలో గుడౌరీ గురించి అడిగేవాళ్ళకీ ఇదే చెప్తాను, అక్కడ చెట్లు తక్కువే గానీ రిసార్ట్ లిఫ్ట్‌లు మూడు వేల మీటర్ల పైదాకా ఉన్నాయి. రష్యాలోని కమ్చట్కా, గ్రీన్‌లాండ్ లాంటి చోట్ల ఈ ఆసరా ఉండదు, హెలికాప్టర్ ఆగితే మీరూ ఆగినట్టే.

ప్రశ్న: మా అబ్బాయి ఫ్రెండ్స్‌తో హెలీస్కీయింగ్‌కి వెళ్తానంటున్నాడు. వద్దంటే వినడు. నాకు ఈ ఆట గురించి ఏమీ తెలీదు, రాత్రుళ్ళు నిద్ర పట్టట్లేదు. వాడు ఏం చూసుకోవాలో చెప్పండి, నేను వాడికి చెప్పుకుంటాను.

జవాబు: అమ్మా, మీ భయం అర్థం లేనిదని నేను అనను. ప్రమాదం ఉంది, దాన్ని తగ్గించుకునే దారులూ ఉన్నాయి.

అవలాంచ్‌లో కూరుకుపోయిన మనిషిని పది నిమిషాల్లోపు బయటికి తీస్తే పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది బతుకుతారు, అరగంట దాటితే ముగ్గురు మిగలడం కూడా కష్టం. అంటే బయటినుంచి ఏ రెస్క్యూ టీమూ ఆ టైమ్‌కి రాదు, కాపాడేది పక్కనున్న స్నేహితులే. అందుకే ఒంటిమీద ట్రాన్స్‌సీవర్, అంటే కూరుకుపోయినవాళ్ళ జాడ చెప్పే రేడియో పరికరం, సంచిలో మంచులోకి గుచ్చి వెతికే పొడుగాటి కడ్డీ, అదే ప్రోబ్, ఒక పార ప్రతి ఒక్కరి దగ్గరా ఉండాలి, ఉండటమే కాదు వాడటం వచ్చుండాలి. మొదటిరోజు పొద్దున అందరిచేతా మంచులో పాతిపెట్టిన ట్రాన్స్‌సీవర్ వెతికించి చూస్తారు, దాన్ని పది నిమిషాల్లో ముగించి పదండి పదండి అనేవాళ్ళతో వెళ్ళొద్దని చెప్పండి. ఫోన్‌ని ట్రాన్స్‌సీవర్ పక్క జేబులో పెట్టుకోవద్దనీ చెప్పండి, సిగ్నల్ చెడుతుంది. అవలాంచ్‌లో మనిషిని పైకి తేల్చే గాలి సంచి, అదే ఎయిర్‌బ్యాగ్, ఇస్తారేమో అడగమనండి.

గైడ్‌కి అంతర్జాతీయ పర్వత గైడ్ల సమాఖ్య గుర్తింపు గానీ దానికి సమానమైంది గానీ ఉండాలి. ఇన్సూరెన్స్ కాగితం మొత్తం చదవమనండి, మామూలు ట్రావెల్ పాలసీల్లో చాలావాటికి హెలీస్కీయింగ్ వర్తించదు, వెతకడానికీ ఆస్పత్రికి ఎగరేసుకు తేవడానికీ అయ్యే ఖర్చు విడిగా రాసుందో లేదో చూడాలి.

ఇంకోటి, హెలికాప్టర్‌తో తెగిపోయిన సంబంధాన్ని ఎంతసేపట్లో పట్టించుకుంటారు అన్నది. 2021 మార్చిలో అలాస్కాలో క్నిక్ గ్లేసియర్ దగ్గర హెలికాప్టర్ కూలి ఐదుగురు చనిపోయారు, ఒక్కరే బతికారు, కూలిన చోటుకి సాయం చేరడానికి గంటలు పట్టింది. కాబట్టి రేడియో మూగబోతే ఎన్ని నిమిషాలకి వెతకడం మొదలెడతారు, వెతకడానికి రెండో హెలికాప్టర్ దగ్గర్లో ఉందా అని అడగాలి. సూటిగా జవాబు చెప్పలేకపోతే ఇంకొకళ్ళని చూసుకోమనండి.

ఆఖరుగా ఒకటి అడగమనండి, పోయిన సీజన్‌లో ఎన్ని రోజులు ఎగరకుండా ఆపేశారు అని. మేం ఎప్పుడూ ఆపం అన్నవాళ్ళ దగ్గరికి మీ అబ్బాయిని పంపకండి. ఇన్ని రోజులు ఆపాం, ఫలానా రోజు గుంపు ఎంత గొడవ చేసినా కదల్లేదు అని చెప్పేవాళ్ళుంటారు, వాళ్ళతో పంపండి. వాడు అడగడానికి మొహమాటపడితే మీరే ఫోన్ చేసి అడగండమ్మా.