మూజువాణి ఓటులో పేర్లుండవు మాస్టారూ

ప్రశ్న: నేను రిటైరైన తెలుగు ఉపాధ్యాయుణ్ణి, మాది ప్రకాశం జిల్లా. భూములకు సంబంధించిన ఒక బిల్లు వస్తే ప్రాణం పోయినా ఒప్పుకోనని మా ఎమ్మెల్యే మా ఊరి రచ్చబండ దగ్గర అందరి ముందూ చెప్పారు. నా చేతులు పట్టుకుని మరీ చెప్పారు. తీరా ఆ బిల్లు అసెంబ్లీలో నెగ్గింది. ఆ రాత్రంతా నాకు నిద్ర పట్టలేదు. కిందటి ఏడాది మార్చి 22న ఫేస్‌బుక్‌లోనూ, మా ఊరి వాట్సాప్ గ్రూపులోనూ ఇలా రాశాను: ‘మన ఎమ్మెల్యే బిల్లుకు ఓటేశాడు. మనకిచ్చిన మాట తప్పాడు. ముట్టాల్సింది ముట్టింది కాబట్టే చెయ్యెత్తాడు.’ ఈ ఫిబ్రవరిలో ఆయన లాయరు రిజిస్టరు పోస్టులో నోటీసు పంపితే తీసుకోకుండా వెనక్కి పంపేశాను. 9వ తేదీన అదే నోటీసు వాట్సాప్‌లో వచ్చింది. 15 రోజుల్లో బేషరతుగా క్షమాపణ చెప్పాలట, లేకపోతే కోటి రూపాయల దావా, పైగా క్రిమినల్ కేసు అంటున్నారు. గ్రూపు అడ్మిన్ అయిన మా మేనల్లుడి పేరు కూడా రాశారు. ఆయన ఓటేసినట్టు నా దగ్గర టీవీ క్లిప్పు ఉంది. ఎవరెవరు ఓటేశారో పేర్లతో ఒక లిస్టు కూడా స్నేహితుడు పంపాడు. దాన్ని జవాబుకు జత చేయమంటారా? మాట తప్పినందుకు నేనే ఆయన మీద చీటింగ్ కేసు వేయవచ్చా? పిల్లలకు నిజం చెప్పమని నేర్పినవాడికి ఇదేం శిక్ష?

జవాబు: మాస్టారూ, మీ ఉత్తరం ఏడు పేజీలుంది. ఆరున్నర పేజీలు ఆయన మాట తప్పిన సంగతే. ఇప్పుడు నోటీసు తీసి మళ్లీ చదవండి. మాట తప్పాడన్నందుకు ఆయన కోటి అడగడం లేదు. నాలుగో పేరాలో లావు అక్షరాల్లో ఎత్తి రాసింది మీ మూడో వాక్యాన్ని. ‘ముట్టాల్సింది ముట్టింది’ అన్న రెండు మాటల మీదే ఈ కేసు నిలబడుతుంది, లేదా పడిపోతుంది. మీ ఉత్తరంలో దానికి ఆధారం ఒక్క ముక్క కూడా లేదు.

మీ మూడు వాక్యాలూ చట్టం కంట్లో మూడు వేరు వేరు వస్తువులు. ‘బిల్లుకు ఓటేశాడు’ అన్నది జరిగిన సంగతి గురించిన మాట. బిల్లుకు ఓటేయడం శాసనసభ్యుడి పనే, అందులో పరువు పోయేదేమీ లేదు. ‘మాట తప్పాడు’ అన్నది మీ అభిప్రాయం. ప్రజా సమస్య మీద ఒక వ్యక్తి నడవడి గురించి సద్బుద్ధితో చెప్పిన అభిప్రాయం పరువు నష్టం కాదని భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ మినహాయింపుల్లోనే ఉంది. ‘ముట్టింది’ అన్నది అభిప్రాయం కాదు, నేరారోపణ. సభలో ఓటుకు డబ్బు తీసుకోవడం నేరం. ఆయన నేరం చేశాడని మీరు ఊరందరికీ చెప్పారు. అది నిజమని రుజువు చేయాల్సిన బరువు మీ నెత్తిన పడుతుంది. సివిల్ దావాలో నిజమని తేలితే చాలు. క్రిమినల్ కేసులో నిజమని తేలాలి, దాన్ని ప్రచురించడం ప్రజల మేలు కోసమేనని కూడా చూపాలి. మీ దగ్గర ఏముంది? ‘లేకపోతే ఎందుకు ఓటేస్తాడు’ అన్న అనుమానం తప్ప ఏమీ లేదు. విచారణ జరిగితే అదే బయటపడుతుందని రాశారు. పడదు. ఆరోపణ చేసినవాడి తరఫున కోర్టు ఆధారాలు వెతికి పెట్టదు.

ఇక ఆ మొదటి వాక్యం. ‘ఓటేశాడు’ అని అంత గట్టిగా రాశారు కదా, ఏ రికార్డులో చూశారు?

మన చట్టసభల్లో చాలా బిల్లులు మూజువాణి ఓటుతోనే నెగ్గుతాయి. అనుకూలమైనవారు ‘అవును’ అంటారు, కానివారు ‘కాదు’ అంటారు. ఏ గొంతు పెద్దదో విని సభాపతి ప్రకటిస్తారు. అక్కడ అంకెలుండవు, పేర్లుండవు. ఎవరైనా డివిజన్ (ఎవరు ఎటో విడివిడిగా లెక్కించే ఓటింగు) అడిగి, అది జరిగితేనే లెక్క తేలుతుంది. ఇది మన తెలుగువాళ్లకు ఒకరు చెప్పాల్సిన విషయం కాదు. 2014 జనవరి 30న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ విభజన బిల్లును తిరస్కరించింది మూజువాణి ఓటుతోనే. ఫిబ్రవరి 18న లోక్‌సభ ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయి ఉండగా అదే బిల్లు నెగ్గిందీ మూజువాణి ఓటుతోనే. ఒక రాష్ట్రాన్ని రెండు చేసిన బిల్లుకు లోక్‌సభలో ఏ ఎంపీ ఎటు ఓటేశాడో పేరుపేరునా చూపించే జాబితా లేదు. 2020 సెప్టెంబరు 20న రాజ్యసభలో వ్యవసాయ బిల్లులప్పుడు ప్రతిపక్షం డివిజన్ కావాలని అరిచింది. అప్పుడూ మూజువాణి ఓటే.

లెక్క తప్పనిసరిగా కావలసిన సందర్భాలు వేరే ఉన్నాయి. రాజ్యాంగ సవరణ బిల్లుకు ప్రత్యేక మెజారిటీ కావాలి కాబట్టి తలల లెక్క తప్పదు. 2023 సెప్టెంబరు 20న మహిళా రిజర్వేషన్ బిల్లుకు లోక్‌సభలో 454 మంది అనుకూలం, ఇద్దరు వ్యతిరేకం. ఆ ఇద్దరిలో హైదరాబాద్ ఎంపీ అసదుద్దీన్ ఒవైసీ ఒకరని ఎవరైనా ధైర్యంగా రాయవచ్చు, ఎందుకంటే అది రికార్డు. మీ బిల్లు మామూలు బిల్లు, అది నెగ్గిందీ మూజువాణి ఓటుతోనే. డివిజన్ జరిగిందని మీరూ అనడం లేదు.

మీరు పంపిన క్లిప్పు నాలుగుసార్లు చూశాను. 52 సెకన్లు. కింద స్క్రోలింగ్ కత్తిరించి ఉంది, తేదీ లేదు. సభ్యులు బల్లలు చరుస్తున్నారు. మీ ఎమ్మెల్యే మూడో వరుసలో ఉన్నారు, బల్ల చరచడం లేదు. 31వ సెకను దగ్గర ఆయన చెయ్యి లేచింది, కళ్లజోడు సర్దుకోవడానికి. మీరు ‘చెయ్యెత్తాడు’ అన్నది దీన్ని చూసేనా? మూజువాణి ఓటులో ఎవరూ చెయ్యెత్తరు మాస్టారూ. పిల్లవాడు పరీక్షలో ఇలా రాస్తే మీరు సున్నా వేసేవారు. పోస్టు పెట్టే ముందు ఒక్క పూట ఆగి, ఆ రోజు సభలో ఏం జరిగిందో అడిగి తెలుసుకుంటే ఈ రోజు ఈ టెన్షన్ ఉండేది కాదు.

ఇప్పుడు ఆ లిస్టు గురించి చెప్తాను, శ్రద్ధగా వినండి. దాన్ని జవాబుకు జత చేయకండి. ఎవరికీ ఫార్వర్డ్ చేయకండి. మూజువాణి ఓటుకు పేర్ల జాబితా ఉండనే ఉండదు, కాబట్టి అది ఎవరో తయారు చేసిందే. పైన సభ ముద్ర ఉంది, అంకెలు ముద్దుగా ఉన్నాయి. కానీ మొదటి పేజీలోనే పట్టుబడుతుంది: ‘అనుకూలం’ గడిలో స్పీకర్ పేరుంది. రాజ్యాంగం 189వ అధికరణ ప్రకారం స్పీకర్ మొదటి విడతలో ఓటేయరు, రెండు వైపులా సమానంగా వచ్చినప్పుడే వేస్తారు. అవతలి లాయరు దీన్ని రెండు నిమిషాల్లో కనిపెడతారు. ఇప్పుడు మీ మీద రాగలది గరిష్ఠంగా రెండేళ్ల సాధారణ శిక్ష పడగల, బెయిలు ఇవ్వదగిన కేసు. తయారు చేసిన పత్రాన్ని తెలిసి తెలిసి కోర్టులో పెడితే తప్పుడు సాక్ష్యం కిందకు వస్తుంది, అక్కడ శిక్ష ఏడేళ్ల దాకా ఉంది. నకిలీ పత్రాన్ని అసలుదిగా వాడిన నేరం దానికి అదనం. ‘నాకు తెలియదు, స్నేహితుడు పంపాడు’ అనే మాట ఈ జవాబు చదివాక మీకు ఉండదు.

ఇంకో పొరపాటు కూడా చేసేలా ఉన్నారు. పోస్టును కాస్త మార్చి మళ్లీ పెడతానని రాశారు. వద్దు. లిఖిత పరువు నష్టానికి సివిల్ దావా వేసే గడువు ప్రచురించిన నాటి నుంచి ఒక ఏడాది. మీ పోస్టు మార్చి 22ది. ఆయనకు దావా గడువు ఈ మార్చి 22 దాకానే, నోటీసు ఇచ్చినంత మాత్రాన అది పెరగదు. పదకొండో నెలలో నోటీసు రావడానికి కారణం ఇదే అయి ఉండాలి. మీరు ఆ ఆరోపణనే మళ్లీ పెడితే అది కొత్త ప్రచురణ అవుతుంది, ఆయన చేతికి కొత్తగా ఇంకో ఏడాది ఇచ్చినవారవుతారు. అలాగని మార్చి 22 దాటగానే గండం గడిచిందనుకోకండి. క్రిమినల్ ఫిర్యాదుకు గడువు మూడేళ్లు.

నోటీసు వెనక్కి పంపడం మరో తప్పు. సరైన చిరునామాకు రిజిస్టరు పోస్టులో వచ్చినదాన్ని వద్దంటే అందినట్టే లెక్క. కవరు మీద ‘తిరస్కరించారు’ అని పోస్ట్‌మ్యాన్ రాసిన ముక్క రేపు ఆయనకే సాక్ష్యం. ఇకపై ఏ కాగితం వచ్చినా సంతకం పెట్టి తీసుకోండి, కవరుతో సహా దాచండి.

చీటింగ్ కేసు ఆలోచన మానుకోండి. సభలో ఇచ్చిన ఓటుకు, అన్న మాటకు శాసనసభ్యుడి మీద ఏ కోర్టులోనూ చర్య ఉండదని 194వ అధికరణ రెండో క్లాజు చెబుతోంది. ఎంపీలకు 105వ అధికరణలో అదే రక్షణ ఉంది. మీరు బహుశా విన్న తీర్పు, ఓటుకు లంచం తీసుకున్నారన్న ఆరోపణ ఎదుర్కొన్న జార్ఖండ్ ఎమ్మెల్యే సీతా సోరెన్ కేసుది. 1993 జూలైలో పి.వి.నరసింహారావు ప్రభుత్వం మీద వచ్చిన అవిశ్వాసం అనుకూలంగా 251, వ్యతిరేకంగా 265 ఓట్లతో వీగిపోవడం, ఓట్లకు డబ్బిచ్చారన్న కేసు, 1998లో సుప్రీంకోర్టు లంచం తీసుకుని ఓటేసినవారికీ రక్షణ ఉందనడం మీకు గుర్తుండే ఉంటాయి. 2024 మార్చి 4న సీతా సోరెన్ కేసులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని కొట్టేసింది. లంచానికి రక్షణ లేదంది. ఆ తీర్పు మీకు బలమని మీరనుకుంటున్నారు. నిజానికి మీ మూడో వాక్యాన్ని అది ఇంకా బరువైన ఆరోపణగా మార్చింది. ఆధారం ఉంటే ఏసీబీకి వెళ్లేవారు. లేదు కాబట్టే ఫేస్‌బుక్‌కి వెళ్లారు.

మీ మేనల్లుణ్ణి భయపడొద్దనండి. సభ్యుడు పెట్టిన పోస్టుకు, అందులో తన పాత్ర లేకపోతే, అడ్మిన్ బాధ్యుడు కాడని బాంబే, కేరళ హైకోర్టులు చెప్పాయి. అతను మాత్రం గ్రూపులో ఈ విషయం మీద చర్చ పెట్టకూడదు.

ఇక చేయాల్సింది. ఇది మీ చేతికి అందేసరికి 15 రోజుల్లో నాలుగైదే మిగులుతాయి. ముందు ఫేస్‌బుక్ పోస్టును తేదీ, కామెంట్లు, షేర్ల అంకెతో సహా పూర్తిగా స్క్రీన్‌షాట్లు తీయండి. వాట్సాప్ చాట్ ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టండి. ఆ ఫోను మార్చకండి, ఫార్మాట్ చేయకండి. కోర్టులో ఇవి చెల్లాలంటే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి, దానికి ఫోను మీ దగ్గరే ఉండాలి. ఇవన్నీ భద్రపరిచాకే ఫేస్‌బుక్ పోస్టు తీసేయండి. గ్రూపులో అందరికీ డిలీట్ చేసే గడువు ఎప్పుడో దాటింది, దాని జోలికి పోవద్దు.

తర్వాత ఒక అడ్వకేటు ద్వారా జవాబు పంపండి. మీరే వాట్సాప్‌లో ‘క్షమించండి సార్’ అని పంపకండి, ఏం ఒప్పుకుంటున్నారో తెలియకుండా అన్నీ ఒప్పుకున్నట్టవుతుంది. జవాబులో మూడో వాక్యాన్ని పూర్తిగా ఉపసంహరించుకోండి: డబ్బు తీసుకున్నారనడానికి నా దగ్గర ఆధారం లేదు, ఆ మాట అన్నందుకు విచారిస్తున్నాను, అని. మెలికలు వద్దు. అదే మాట ఫేస్‌బుక్‌లోనూ, గ్రూపులోనూ పెట్టండి. మొదటి వాక్యాన్ని సరిచేయండి: ఓటు మూజువాణి ఓటు కాబట్టి ఆయన వ్యక్తిగతంగా ఎటు ఓటేశారో నాకు తెలియదు, అని. రెండో వాక్యాన్ని వదులుకోవద్దు, అది మీ హక్కు. దానికి ఆధారం రచ్చబండ సభ. ఆ రోజు ఎవరో ఒకరు ఫోన్లో వీడియో తీసే ఉంటారు, ఇప్పుడే వెతికి అసలు ఫైలు సంపాదించండి. విన్నవాళ్లు ముగ్గురి పేర్లు రాసి పెట్టుకోండి.

ఆయన ఇంకా ముందుకెళితే, క్రిమినల్ ఫిర్యాదు మెజిస్ట్రేటు దగ్గర వేయాలి, పోలీసులు నేరుగా ఎఫ్ఐఆర్ కట్టరు. పైగా కేసులు నడిపే పద్ధతి చెప్పే కొత్త చట్టం, భారతీయ నాగరిక సురక్షా సంహితలో 223వ సెక్షన్ ప్రకారం కేసును విచారణకు తీసుకునే ముందే మీ మాట వినాలి. ఆ నోటీసు వస్తే తప్పకుండా హాజరు కండి. ఇది రాజీ పడదగిన నేరం కూడా, నిజాయితీగా ఉపసంహరించుకున్న కాగితం అక్కడ మీకు చాలా పనికొస్తుంది.

జవాబు పంపిన రోజే పది రూపాయల ఫీజుతో అసెంబ్లీ సచివాలయానికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఆ రోజు చర్చల అధికారిక నివేదిక నకలు, డివిజన్ జరిగిందా లేదా, మీ ఎమ్మెల్యే ఆ బిల్లు మీద మాట్లాడారా, సవరణ ఏదైనా ఇచ్చారా, హాజరు పట్టీలో సంతకం ఉందా అని విడివిడిగా అడగండి. సంతకం ఉన్నంత మాత్రాన బిల్లు నెగ్గిన నిమిషానికి లోపల ఉన్నారని కాదు, అది గుర్తుంచుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలు వేయండి. పార్టీ విప్ (ఇటే ఓటేయాలన్న ఆదేశం) జారీ చేసిందేమో కూడా కనుక్కోండి. విప్ ధిక్కరించి ఓటేస్తే, పార్టీ 15 రోజుల్లో మన్నించకపోతే, రాజ్యాంగంలోని పదో షెడ్యూలు, అంటే ఫిరాయింపుల నిరోధక చట్టం కింద పదవే పోతుంది. ఆయన మౌనానికి అది కారణమై ఉండవచ్చు, కాకపోనూ వచ్చు. మీరు అడగాల్సిన ప్రశ్న అది.

ఆ కాగితాలన్నీ వచ్చి, అందులో ఆయన మాట గానీ సవరణ గానీ లేదని తేలితే, అప్పుడు మీ అడ్వకేటుకు చూపించి ఇలా రాయండి: ‘ఫలానా తేదీన మా ఊరి రచ్చబండ దగ్గర ఈ బిల్లును వ్యతిరేకిస్తానన్నారు, వీడియో ఇదిగో. బిల్లు మూజువాణి ఓటుతో నెగ్గింది. చర్చల నివేదికలో మీ ప్రసంగం లేదు, సవరణ లేదు. డివిజన్ అడగలేదు. ఎందుకో మా ఊరికి వచ్చి చెప్పండి.’ ఇందులో ఒక్క మాటకూ ఆయన నోటీసు పంపలేరు.