బొమ్మల బీరువా కోసం బ్యాంకు డిపాజిట్ తీయవచ్చా?

ప్రశ్న: మాది కావలి. ప్రైవేటు పాఠశాలలో టీచరుగా చేస్తున్నాను, వయసు 42. మావారికి ట్రంకు రోడ్డులో కరెంటు సామాన్ల దుకాణం ఉంది. ఇంటి ఖర్చులు పోను ఇద్దరి సంపాదనలో నెలకు 15,000 రూపాయల దాకా మిగులుతుంది. ఆరేళ్లుగా పాతకాలపు బొమ్మరిళ్ల సామాన్లు కూడబెడుతున్నాను. అగ్గిపెట్టెంత మంచాలు, అరచేతిలో పట్టే బల్లలు, కుర్చీలు, పొయ్యిలు. బర్మింగ్‌హామ్‌లో ఉంటున్న మా చెల్లెలు అక్కడి పాత సామాన్ల సంతల్లో దొరికినవి పంపుతుంది. ఇప్పటికి 2,60,000 రూపాయలు పెట్టాను. ఇప్పుడు నూట ముప్పై ఏళ్ల నాటి జర్మనీ సెట్టు ఒకటి అమ్మకానికి వచ్చింది. బీరువా, సోఫా, గుండ్రటి బల్ల, నాలుగు కుర్చీలు. 1,50,000 అడుగుతున్నారు. మా అమ్మాయి పదో తరగతి. దాని ఇంజనీరింగు కోసం 5 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది. అందులోంచి తీసి కొందామని నా ఆలోచన. పాతబడేకొద్దీ ధర పెరిగే వస్తువు కనుక ఇదీ పెట్టుబడే కదా? మావారేమో, "ఆ కుర్చీలో కూర్చుని పిల్ల చదువుకుంటుందా?" అంటున్నారు. డిపాజిట్ వద్దంటే నా గాజులైనా తాకట్టు పెట్టాలని ఉంది. ఫొటో జతచేశాను. మీరే తీర్పు చెప్పాలి.

జవాబు: అమ్మా, ముందు తీర్పు, తర్వాత వాదన. డిపాజిట్ జోలికి వెళ్లవద్దు. గాజులు చేతికే ఉండనివ్వండి. అలాగని మీవారు గెలిచారని కాదు, మిమ్మల్ని సేకరణ మానుకోమని నేను చెప్పబోవడం లేదు. మీ ఉత్తరంలో నాకు అభ్యంతరం ఉన్నది ఒక్క మాటకే: "పెట్టుబడే కదా".

ఫొటోను పెద్దది చేసి చాలాసేపు చూశాను. సెట్టు ముచ్చటగానే ఉంది. నల్లటి మెరుగు మీద సన్నటి బంగారు తీగలు. నిజానికి అది ఖరీదైన రోజ్‌వుడ్ కర్ర కాదు. మామూలు కర్రకు రోజ్‌వుడ్‌లా కనిపించే పూత వేసి, పైన బంగారు రంగు అచ్చు నగిషీలు అద్దుతారు. జర్మనీలో తురింగియా ప్రాంతంలోని వాల్టర్స్‌హౌజెన్ చుట్టుపక్కల 19వ శతాబ్దంలో ఇలాంటివి విరివిగా చేశారు. ష్నేగాస్ సోదరుల సంస్థ వాటికి పేరుపడింది. సేకర్తలు వీటిని 'బీడర్‌మైయర్' సామాను అంటారు. కాబట్టి వస్తువు ఊహాజనితం కాదు, దానికి వంశం ఉంది, అడిగేవాళ్లూ ఉన్నారు.

అయితే బీరువా మూడో సొరుగు చూడండి. ఎడమ బొడిపె పాలిపోయిన ఎముక రంగులో, చిన్న మిరియపు గింజలా ఉంది. కుడి బొడిపె తళతళలాడుతోంది. నాకది గుండుసూది తలకాయలా కనిపించింది. అసలుది ఎప్పుడో ఊడిపోతే ఎవరో సూది గుచ్చి సరిపెట్టి ఉంటారు. నేను బొమ్మల నిపుణుణ్ని కాను, లెక్కలవాణ్ని. లెక్కలవాడి కంటికే కనిపించిన మరమ్మతు రేపు మీ దగ్గర కొనబోయేవాడి కంటికి కనిపించదా? ఈ రంగంలో ధరను నిలబెట్టేవి మూడే: అసలు రంగు, అసలు భాగాలు, సెట్టు మొత్తం ఒక్కచోట ఉండటం. అసలు పెట్టె కూడా ఉంటే మరీ మంచిది. సొరుగును బయటికి లాగి వెనకవైపు, అడుగువైపు ఫొటోలు తీసి పంపమని అమ్మకందారును అడగండి. రంగు పడని కర్ర అక్కడే ఉంటుంది. పాత కర్ర ఎండి గోధుమ రంగుకు తిరుగుతుంది. తెల్లగా కొత్తగా ఉంటే బేరం మానుకోండి.

ఇక డబ్బు సంగతి. అడిగిన ధర 1,50,000. భద్రంగా కట్టించి, బీమా చేయించి పంపడానికి 14,000 అనుకుందాం. ఓడరేవులోనో విమానాశ్రయంలోనో కస్టమ్స్ వారు పార్సెల్ విప్పుతారు. మీ చెల్లెలు పైన 'కానుక' అని రాసినంత మాత్రాన వదిలిపెట్టరు. కానుకల పార్సెళ్లకు ఉండే 5,000 రూపాయల వెసులుబాటును 2019 డిసెంబరులోనే ఎత్తేశారు. సుంకం ఎంతన్నది ఆ వస్తువును ఏ పద్దులో వేస్తారన్నదాన్ని బట్టి ఉంటుంది. బొమ్మగా చూస్తారా, వందేళ్లు దాటిన పురాతన వస్తువుగా చూస్తారా, వ్యక్తిగత పార్సెల్‌గా చూస్తారా అన్నది మనం ముందుగా తేల్చుకోవాలి. బొమ్మల మీద మూల సుంకాన్ని 2020లో 20 శాతం నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచారు. ఇలాంటి రేట్లు బడ్జెట్ బడ్జెట్‌కూ మారుతుంటాయి. లెక్క కోసం సుంకం, జీఎస్టీ కలిపి 40 శాతమే పడిందనుకోండి. అది 65,600. అంటే సెట్టు మీ కావలి ఇంటి గడప దాటేసరికి 2,29,600 రూపాయలు.

దాన్ని ఎప్పుడో అమ్మారనుకుందాం. వేలం సంస్థకో అమ్మిపెట్టేవారికో 15 శాతం కమీషన్ పోతుంది. పెట్టిన డబ్బు చేతికి రావాలంటేనే అది 2,70,000కు అమ్ముడుపోవాలి. ఇవాళ లక్షన్నర పలుకుతున్న వస్తువు అంత పెరిగితే మీకు లాభమూ లేదు, నష్టమూ లేదు. అదే 2,29,600ను 7 శాతం వడ్డీకి ఎనిమిదేళ్లు బ్యాంకులో ఉంచితే 3,94,500 దాకా అవుతుంది. బొమ్మల బీరువా ఆ డిపాజిట్‌తో సమానంగా నిలవాలంటే ఎనిమిదేళ్లలో 4,64,000కు అమ్ముడవ్వాలి. ఇప్పటి ధరకు మూడింతలు. అవుతుందా? కావచ్చు. మీ అమ్మాయి కాలేజీ ఫీజును ఆ 'కావచ్చు' మీద పెట్టగలరా?

మీలాంటి సేకర్తలందరూ చేసే పొరపాటు ఒకటుంది, నేనూ చేశాను. పదిహేనేళ్ల కిందట పాత గోడ గడియారాల పిచ్చి పట్టి నాలుగు కొన్నాను. ఇంటర్నెట్‌లో అలాంటివి ఒక్కొక్కటి నలభై వేలని చూసి, ఇంట్లో లక్షా అరవై వేలు గోడకు వేలాడుతున్నాయని మా ఆవిడకు చెప్పుకొని మురిసిపోయాను. ఒకసారి అవసరపడి అమ్మబోతే, నెల్లూరులో ఒక పాత సామాన్ల వ్యాపారి నాలుగింటికీ కలిపి పద్దెనిమిది వేలన్నాడు. నేను చూసిన నలభై వేలు అడిగిన ధర, అమ్ముడైన ధర కాదు. రెండూ ఎంత దూరమో ఆ రోజు తెలిసింది. గడియారాలు ఇంకా గోడ మీదే ఉన్నాయి, ఒకటి మాత్రం సరైన టైము చూపిస్తుంది. మీరూ వేలం సైట్లలో 'అమ్ముడైనవి' అన్న జాబితాలోనే ధర చూడండి. అమ్మకానికి పెట్టి నెలల తరబడి మూలుగుతున్నవాటిని లెక్కలోకి తీసుకోవద్దు.

ఇంకో చిక్కు మీకు తట్టి ఉండదు. ఈ సెట్టును మన దగ్గర కొనేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. కొనేవాళ్లు ఉన్నది బయటి దేశాల్లో. 1972 నాటి పురాతన వస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన కళాకృతులను, చేతిపని వస్తువులను ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. మీది జర్మనీ నుంచి వచ్చిన వస్తువే అయినా, పార్సెల్ ఆపినవారికి ఆ సంగతి కాగితాలతో చూపించుకోవలసింది మీరే. అందుకే కొన్న రసీదు, కస్టమ్స్ కట్టిన రసీదు, వచ్చిన రోజు తీసిన ఫొటోలు ఒక కవరులో పెట్టి దాచండి. మీ చెల్లెలే స్వయంగా వచ్చేటప్పుడు సుంకం లేని పరిమితిలో ఇమిడే చిన్నచిన్నవి సామానులో తెచ్చుకోవడం చాలా నయం. సుంకమూ తప్పుతుంది, విరిగే భయమూ తగ్గుతుంది.

ఆదాయపు పన్ను గురించి మీరు అడగలేదు కానీ ఒక మాట. సొంతంగా వాడుకునే కదిలే వస్తువులను అమ్మితే సాధారణంగా మూలధన లాభాల పన్ను పడదు. కానీ నగలు, చిత్రపటాలు, శిల్పాలు, పురావస్తు సేకరణలు, కళాఖండాలకు ఆ మినహాయింపు లేదు. అధికారి మీ బీరువాను కళాఖండం అంటే, రెండేళ్లు దాటి ఉంచుకున్నదానికి లాభం మీద 12.5 శాతం కట్టాలి. కొనడం, అమ్మడం తరచూ చేస్తే అది వ్యాపార ఆదాయం కిందికే వస్తుంది.

మరి ఏం చేయాలి? మీ మిగులు 15,000లో నెలకు 2,500 ఈ సరదాకు విడిగా ఒక ఖాతాలో వేయండి. సంవత్సరానికి 30,000. అది ఖర్చు, చీరకూ సినిమాకూ పెట్టినట్టే. ఇంట్లో ఎవరికీ సంజాయిషీ చెప్పనక్కరలేదు, మీవారికి సైతం. ఆ ఖాతాలో ఎంత ఉంటే అంతలోనే కొనాలి, అప్పు మాత్రం చేయకూడదు. మిగతా 12,500లో ముందు ఆరు నెలల ఇంటి ఖర్చుకు సరిపడా నిల్వ చేరనివ్వండి. దుకాణం ఉన్న ఇంటికి అది తప్పనిసరి.

5 లక్షల డిపాజిట్ ఒకే బ్యాంకులో ఉంటే ఒక సవరణ. డిపాజిట్ బీమా అసలు, వడ్డీ కలిపి ఒక్కో బ్యాంకులో 5 లక్షల వరకే. ఇప్పుడున్నది గడువు తీరినప్పుడు రెండు బ్యాంకుల్లో పెట్టండి, ఒక్కో సంవత్సరం ఫీజు సమయానికి ఒక్కోటి చేతికి వచ్చేలా ముక్కలు చేయండి. మధ్యలో తీస్తే సాధారణంగా అర శాతం నుంచి ఒక శాతం వడ్డీ కోత పడుతుంది. రెండు మూడేళ్లలో అవసరపడే డబ్బు గనుక షేర్ల మీదికి మళ్లించమని ఎవరన్నా వినకండి. అమ్మాయికి చిన్నప్పుడే సుకన్య సమృద్ధి ఖాతా తెరిచి ఉంటే చూసుకోండి. పదో తరగతి పాసైతే చదువు కోసం అందులో సగం వరకూ తీసుకోవచ్చు.

ఇంట్లో ఉన్న 2,60,000 రూపాయల సామానును కాపాడుకునే మాట కూడా చెప్పాలి. కావలి సముద్రానికి దగ్గర, గాలిలో ఉప్పు, చెమ్మ. రేకు సామాను తుప్పు పడుతుంది, పాత జిగురు విడిపోతుంది, చెదలు అడగకుండానే వస్తాయి. 1920ల నాటి అమెరికా కంపెనీ టూట్సీటాయ్ లోహపు సామాను మీ దగ్గర ఉంటే పగుళ్లు చూడండి. ఆ కాలపు జింకు మిశ్రమం కొన్నిసార్లు లోపలి నుంచే పొడిపొడి అవుతుంది. రెన్వాల్ అనే మరో అమెరికా కంపెనీ 1940లు, 50లలో చేసిన ప్లాస్టిక్ సామాను పక్కన నాఫ్తలీన్ ఉండలు పెట్టవద్దు, ఆ ప్లాస్టిక్ మెత్తబడి అంటుకుంటుంది. చెమ్మ పీల్చే సిలికా జెల్ పొట్లాలు చాలు. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు నెల్లూరులో ఎన్ని ఇళ్లలో కింది అరలు మునిగాయో చూశాం కదా, బీరువాలో పై అరకు ఎక్కించండి. 'భారత్ గృహ రక్ష' లాంటి ఇంటి బీమాలో విలువైన వస్తువులను విడిగా పేర్కొంటేనే రక్షణ ఉంటుంది. మొత్తం 5 లక్షల లోపు, ఏ ఒక్క వస్తువూ లక్ష దాటకుండా ఉంటే విలువ ధ్రువపత్రం కూడా అడగరు. కానీ మీ జాబితా, ఫొటోలు, రసీదులు ఉండాలి. మీ దగ్గర పుస్తకంలో రాసిపెట్టిన లెక్క ఉందా? ఉత్తరంలో మొత్తం తప్ప విడివిడి ధరలు లేవు కనుక అనుమానం వచ్చింది.

ఆ పుస్తకం రాయడం మొదలుపెడితే మరో సంగతి బయటపడుతుంది. ఆరేళ్లుగా సంతల్లో దొరికినవన్నీ కొన్నారు గనుక రెండేసి ఉన్నవి, మీకే అంతగా నచ్చనివి ఎన్నో ఉంటాయి. ముందు వాటిని అమ్మండి. లక్షన్నర సమకూరితే, గుండుసూది బొడిపెను చూపించి ధర తగ్గించమని అడిగి, ఆ జర్మనీ సెట్టు అప్పటికీ ఉంటే కొనుక్కోండి, నాకు అభ్యంతరం లేదు. ఈలోగా చెయ్యి ఊరుకోకపోతే ఉదయగిరి వెళ్లండి. నర్ది, బిక్కి కర్రతో చెంచాలు, గరిటెలు చెక్కే ఆ చేతులకు అంగుళమంత కుర్చీ నమూనా చూపిస్తే ఎంతకు చేస్తారో కనుక్కోండి. లక్కపిడతల పక్కన, సంక్రాంతి కొలువులో అది ఏ జర్మనీ కుర్చీకీ తీసిపోదు. దానికి కస్టమ్స్ కూడా లేదు.

రెండేసి ఉన్నవాటిలో మొదట ఒకటే అమ్మి చూడండి. ఎంతకు కొన్నారు, కమీషన్ పోను చేతికి ఎంత వచ్చింది, ఎన్నాళ్లు పట్టింది. ఆ మూడు అంకెలు నాకు రాయండి. మీవారికి కూడా అవే చూపించండి.