బొగ్గు మానేస్తే సరిపోతుందా?

ప్రశ్న: బ్రిటన్‌లో బొగ్గుతో విద్యుదుత్పత్తి పూర్తిగా ఆగిపోయిందని చదివాను. అదెలా వీలైంది? అన్ని దేశాలూ అలాగే చేస్తే కర్బన ఉద్గారాల సమస్య తీరుతుందా?
– ఒక పాఠకుడు, గోదావరిఖని

జవాబు: మీరు చదివింది నిజమే. 1882లోనే లండన్‌లో బొగ్గు విద్యుత్కేంద్రాన్ని ప్రారంభించిన ఆ దేశం, నాటింగ్‌హామ్ సమీపంలోని రాట్‌క్లిఫ్ కేంద్రాన్ని 2024 సెప్టెంబరు 30న మూసివేసి బొగ్గు విద్యుత్తుకు స్వస్తి చెప్పింది. 2012లో కూడా అక్కడి విద్యుత్తులో దాదాపు 40 శాతం బొగ్గు నుంచే వచ్చేది. విద్యుత్కేంద్రాలు వదిలే కార్బన్ డయాక్సైడ్‌పై ప్రభుత్వం 2013లో కనీస ధర విధించడంతో బొగ్గు గిట్టుబాటు కాకుండా పోయింది. ముందు గ్యాస్, ఆ వెంటే సముద్రంలో నిలిపిన గాలిమరలు ఆ లోటును భర్తీ చేశాయి. అయితే గ్యాస్ కూడా యూనిట్‌కు బొగ్గు వదిలేదానిలో సుమారు సగం కార్బన్ డయాక్సైడ్‌ను వదులుతుంది కనుక, అక్కడితో ఆగిపోవడం నా దృష్టిలో పొరపాటే.

ఇక మీ రెండో ప్రశ్నకు జవాబు, తీరదనే. ఇంధన వాడకం వల్ల ప్రపంచం ఏటా వదులుతున్న సుమారు 3,700 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్‌లో సగానికి పైగా వాహనాలు, ఉక్కు, సిమెంటు పరిశ్రమలు, ఇళ్ల పొయ్యిలు, బాయిలర్ల వంటి వాటి నుంచి వస్తోంది. బ్రిటన్‌లోనే అత్యధిక ఇళ్లు చలికాలంలో ఇప్పటికీ గ్యాస్‌తోనే వెచ్చబడుతున్నాయి. అందువల్ల విద్యుత్తును శుభ్రపరచడంతో పాటు, వీలైన ప్రతి పనినీ ఆ విద్యుత్తుపైకి మళ్లించాలి.

మన పరిస్థితి మరింత కఠినం. 2005 తర్వాత బ్రిటన్‌లో విద్యుత్ వాడకం తగ్గుతూ వచ్చింది. మన దేశంలో అది పెరుగుతూనే ఉంది, దాదాపు నాలుగింట మూడు వంతుల విద్యుత్తు బొగ్గుదే. పెరిగే గిరాకీని సౌర, పవన విద్యుత్తుతో తీర్చాలంటే, పొద్దుగూకాక ఇళ్లలో లైట్లు, ఫ్యాన్లు, ఏసీలు ఒక్కసారిగా నడిచే వేళకు నిల్వ ఉండాలి. నంద్యాల జిల్లా పిన్నాపురంలో చేపట్టిన పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టు అందుకే: పగటి విద్యుత్తుతో నీటిని ఎగువ జలాశయానికి ఎత్తిపోసి, సాయంత్రం కిందికి వదిలి టర్బైన్లు తిప్పుతారు.

మీది బొగ్గుగనుల ఊరు కాబట్టి ఒక మాట. బ్రిటన్ ప్రభుత్వం బొగ్గు విద్యుత్తును ఆపేస్తామని 2015లోనే ప్రకటించింది కనుక, రాట్‌క్లిఫ్ సిబ్బందికి వేరే పని నేర్చుకునే వ్యవధి దొరికింది. ఏ గని ఎన్నాళ్లు నడుస్తుందో, ఆ తర్వాత ఉపాధి ఏమిటో సింగరేణి కుటుంబాలకూ అంత ముందుగానే చెప్పాలి.