కుక్కపిల్లను తెచ్చుకునే ముందు: మేనకోడలికి లేఖ

చి. సౌ. అమ్మాయికి,

మేనమామ ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటో చూశాను. నీలికళ్ల హస్కీ పిల్ల ముద్దుగానే ఉంది. చిన్నవాడు పట్టుబడుతున్నాడనీ, అల్లుడుగారు కూడా సరేనన్నారనీ, ఆడ కుక్కపిల్లను తీసుకుంటే రెండేళ్లలో ఒక్క ఈత పిల్లలను అమ్మితేనే పెట్టిన డబ్బు తిరిగి వచ్చేస్తుందని అమ్మేవాడు చెప్పాడనీ రాశావు. ఆ చివరి మాట చదివాక ఫోనులో రెండు ముక్కలు చెప్పి ఊరుకోబుద్ధి కాలేదు. ఉద్యోగమంతా ప్రభుత్వ పశువైద్యశాలల్లో గడిపినవాణ్ణి. కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

ముందు ఆ జాతి సంగతి. హస్కీలు సైబీరియా మంచులో బండ్లు లాగడానికి తయారైన కుక్కలు. ఒంటి మీద రెండు పొరల బొచ్చు, ఎంత పరుగెత్తినా తీరని పరుగు. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక బయటపెట్టి రొప్పడమే అది వేడిని తగ్గించుకునే దారి. ఎండా ఉక్కా కలిసి వస్తే ఆ దారి కూడా చాలదు. మామూలుగా 101, 102 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర ఉండే ఒంటి వేడి 106 దాటిందంటే కొద్దిసేపట్లోనే ప్రాణం మీదికి వస్తుంది. ఏసీ ఉందంటావు. మే నెలలో మీరిద్దరూ ఆఫీసులో ఉండగా కరెంటు పోతే దాని గతేమిటి? వేసవికి బొచ్చు గొరిగిస్తే సరిపోతుందని అమ్మేవాళ్లు చెబుతారు. ఆ పైపొర ఎండ నుంచి చర్మాన్ని కాపాడేది కూడా. గొరిగితే కొన్నిటికి మళ్లీ సరిగా మొలవదు.

పగ్ కూడా వద్దు. 2003లో హచ్ ఫోను ప్రకటనలో కనిపించినప్పటి నుంచి దాని మీద జనానికి మోజు పెరిగింది. ఆ చప్పిడి ముక్కే దాని కష్టం. ఊపిరి ఆడక గురకపెడుతూ ఉంటే ముద్దొస్తోందని నవ్వుకునేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. లాబ్రడార్ మంచిదే, కానీ రోజూ బాగా తిప్పాలి, లేకపోతే ఒళ్లు పెరిగి తుంటి కీళ్లు పాడవుతాయి. ముధోల్, రాజపాళయం మన దక్షిణాది జాతులు, ఎండకు తట్టుకుంటాయి. అయితే అవి వేటకు, పరుగుకు పుట్టిన కుక్కలు. నాలుగో అంతస్తు ఫ్లాటులో వాటిని కట్టిపడేయడం అన్యాయం.

నన్నడిగితే మన నాటు కుక్కపిల్లను పెంచుకోండి. మన ఎండకు, మన వానకు తరతరాలుగా అలవాటు పడ్డ ఒళ్లు అది. పొట్టి బొచ్చు, చురుకైన బుద్ధి. జాతి కుక్కల్లో వంశపారంపర్యంగా వచ్చే జబ్బులు వీటిలో తక్కువ. హైదరాబాద్‌లో అక్కినేని అమల 1992లో మొదలుపెట్టిన బ్లూ క్రాస్ లాంటి జంతు సంరక్షణ సంస్థలు కుక్కపిల్లలను దత్తత ఇస్తాయి. వీధి కుక్క అనగానే చిన్నబుచ్చుకునే చుట్టాలు ఉంటారు, పట్టించుకోకు.

జాతి పిల్లే కావాలని చివరికి మీరు తేల్చుకుంటే ఒక్క పట్టు మాత్రం వదలొద్దు: తల్లిని చూడనిదే పిల్లను తీసుకోవద్దు. అది ఉన్న చోటికి వెళ్లి చూడండి. డొక్కలు ఎండిపోయి, పొదుగు సాగిపోయి, మనిషిని చూడగానే మూలకు ఒదిగిపోయే తల్లి అయితే వెంటనే తిరిగి వచ్చేయండి. తల్లి వేరే ఊళ్లో ఉందని చెప్పినా అంతే. 2017 నుంచి మన దేశంలో కుక్కల పెంపకానికి, అమ్మకానికి కేంద్ర నిబంధనలు ఉన్నాయి. పిల్లలు పుట్టించి అమ్మేవాళ్లు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర నమోదు చేసుకోవాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. 18 నెలలు నిండని ఆడకుక్కను ఈతకు వాడకూడదు. ఆ అమ్మేవాణ్ణి తన నమోదు పత్రం చూపించమని అడగండి. నెల రోజులకే తల్లి నుంచి విడదీసిన పిల్ల ఎంత గట్టిగా కొరికితే ఎదుటి కుక్కకు నొప్పి పుడుతుందో తెలుసుకోకుండానే పెరుగుతుంది. ఆ పాఠం తోటి పిల్లలు, తల్లి కలిసి నేర్పేది.

ఇక ఈత మాట. ఆడకుక్క ఆరేడు నెలలకోసారి ఎదకు వస్తుంది, మూడు వారాల పాటు ఉంటుంది. క్రాసింగ్ చేయిస్తే రెండు నెలల మూడు రోజులకు అటూ ఇటూగా ఈనుతుంది. చెప్పడానికి ఇంతే. ఒక వేసవి సాయంత్రం ఒకాయన పొమరేనియన్ తల్లిని తువ్వాలులో చుట్టుకుని మా ఆసుపత్రికి తెచ్చాడు. ఈని మూడు వారాలైంది, ఐదు పిల్లలు పాలు తాగుతున్నాయి. కాళ్లు బిగుసుకుపోయి, ఒళ్లంతా వణుకుతూ, నోటి నుంచి చొంగ కారుతోంది. పొట్ట మీద చెయ్యి పెడితే కాలిపోతోంది. రక్తంలోని కాల్షియం పాలలోకి వెళ్లిపోతే వచ్చే జబ్బు అది, చిన్న జాతుల్లో ఎక్కువ. ముందుకాలి నరానికి సూది పెట్టి కాల్షియం ఎక్కించడం మొదలుపెట్టాను. వేగంగా ఎక్కితే గుండె ఆగిపోతుంది. అందుకని ఛాతీ మీద స్టెతస్కోపు ఆనించి, గుండె చప్పుడు వింటూ, కొద్దికొద్దిగా ఎక్కించాలి. కాసేపటికి మొహం మీది అదురు తగ్గింది, తర్వాత మెడ, ఆఖరున కాళ్లు. అది తల ఎత్తి చూడగానే ఆయన నన్ను అడిగిన మొదటి ప్రశ్న, పిల్లలను ఎప్పటి నుంచి అమ్ముకోవచ్చని.

అమ్మాయీ, డబ్బు లెక్క కూడా అమ్మేవాడు చెప్పినంత తేలిక కాదు. కాన్పు అడ్డం తిరిగితే అర్ధరాత్రి ఆపరేషన్, పుట్టిన పిల్లలకు నులిపురుగుల మందు, టీకాలు, తల్లికి రెండింతల తిండి. ఇవన్నీ తీసేస్తే మిగిలేది తక్కువ. అమ్ముడుపోని పిల్లలను ఏం చేస్తారు? ఆ పిల్లలు కొన్నాళ్లకు ఏ ఊరవతలో తేలతాయి. పెంచిన కుక్కను వదిలేయడం 1960 నాటి జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం కింద నేరం, అయినా జరుగుతూనే ఉంది.

ఆరోగ్యం కోసమైనా ఒక్కసారి ఈనాలని ఎవరైనా చెబితే నమ్మకు. దానివల్ల ఒరిగేది ఏమీ లేదు. ఈతలు వద్దనుకున్న ఆడకుక్కకు గర్భసంచి, అండాశయాలు తీసేసే ఆపరేషన్ చేయించడమే మేలు. తీయించకుండా వదిలేస్తే నడి వయసులో, ఎద వెళ్లిన కొన్ని వారాలకు, గర్భసంచిలో చీము పట్టే ప్రమాదం ఉంది. తిండి మానేసి, నీళ్లు మాత్రం తెగ తాగుతుంటే దాన్నే అనుమానించాలి. రొమ్ము గడ్డల భయం కూడా ముందుగా ఆపరేషన్ అయిన వాటిలో బాగా తక్కువ. ఏ వయసులో చేయించాలో జాతిని బట్టి, ఒంటిని బట్టి డాక్టరు చెబుతారు.

తిండి దగ్గరికి వస్తాను. మీ ఇంట్లో మాంసం వండరు. కాబట్టి పిల్ల రాగానే పెరుగన్నం మొదలవుతుందని నాకు తెలుసు. పెరుగన్నం విషమేమీ కాదు, కుక్క అన్నాన్ని అరిగించుకోగలదు. కానీ దాంతోనే పెరిగిన పిల్లకు మాంసకృత్తులు చాలవు, కాల్షియం చాలదు, కాళ్లు వంకరపోతాయి. మాంసం ముట్టని ఇంట్లో కుక్కను పెంచకూడదని నేననను. మొదటి ఏడాది కుక్కపిల్లల కోసం తయారైన మంచి ప్యాకెట్ ఆహారమే ప్రధానంగా పెట్టు, ఉడికించిన గుడ్డు అప్పుడప్పుడు ఇవ్వు. ఆ ఆహారంలో కాల్షియం ఉంటుంది. ఎముకలు గట్టిపడాలని పైనుంచి కాల్షియం మందు పోయకు, పెద్ద జాతి పిల్లల్లో అది ఎముకలనే పాడుచేస్తుంది. మూడు నెలల దాకా రోజుకు నాలుగుసార్లు, ఆరు నెలల దాకా మూడుసార్లు, ఆ తర్వాత రెండుసార్లు పెట్టు. పక్కటెముకల మీద చెయ్యి రాస్తే ఎముకలు వేళ్లకు తగలాలి, కంటికి మాత్రం లెక్కపెట్టేలా కనబడకూడదు. తూకం కంటే నాకు ఈ పరీక్ష మీదే నమ్మకం.

మన వంటింట్లో దానికి హాని చేసేవి చాలా ఉన్నాయి. ఉల్లిపాయ, వెల్లుల్లి రక్తాన్ని పాడుచేస్తాయి, అంటే సాంబారు అన్నం, ఆవకాయ అన్నం రెండూ వద్దు. ద్రాక్ష, కిస్మిస్ కిడ్నీలను దెబ్బతీస్తాయి, కాబట్టి పండగ రోజు పాయసం గిన్నె నాకనివ్వకండి. చాక్లెట్ వద్దు. చక్కెర లేని చూయింగ్ గమ్‌లో ఉండే జైలిటాల్ కొద్ది మోతాదులోనే ప్రమాదం. పక్కింటివాళ్లు ప్రేమగా ఉడికిన కోడి ఎముకలు తెచ్చిస్తారు, అవి చీలి పేగుకు గుచ్చుకుంటాయి, మర్యాదగా వద్దని చెప్పు. జ్వరం వచ్చిందని మన పారాసిటమాల్ బిళ్ల వేయడం అసలే కూడదు.

శిక్షణ అంటే సర్కసు విద్యలు కావు. మూడు వారాల నుంచి పద్నాలుగు వారాల మధ్య కుక్కపిల్ల ఏది చూస్తే, ఏది వింటే అది లోకంలో మామూలే అనుకుంటుంది. లిఫ్టు చప్పుడు, కుక్కర్ విజిల్, గొడుగు, హెల్మెట్ పెట్టుకున్న డెలివరీ అబ్బాయి, చేతికర్రతో నడిచే తాతగారు, ఇవన్నీ ఆ వయసులోనే నెమ్మదిగా, భయపెట్టకుండా పరిచయం చేయాలి. టీకాలు పూర్తికాలేదు కాబట్టి వీధిలో నేల మీద దింపకుండా ఎత్తుకునే తిప్పండి. నిద్ర లేవగానే, తిన్న వెంటనే, ఆడుకున్నాక బయటికి తీసుకెళ్లి, పని కానిచ్చుకున్న ఆ క్షణంలోనే మెచ్చుకుని చిన్న ముక్క పెట్టండి. ఒక నిమిషం ఆలస్యమైతే ఎందుకు పెట్టారో దానికి తెలియదు. ఇంట్లో తడిపితే ముక్కు తెచ్చి నేలకు రాయడం, కొట్టడం చేయవద్దు. మీకు కనబడకుండా తడపాలన్నది ఒక్కటే అది నేర్చుకుంటుంది. చిన్నవాడికి మాత్రం గట్టిగా చెప్పు: అది తింటున్నప్పుడు, పడుకున్నప్పుడు చేతులు పెట్టకూడదు, తోక లాగకూడదు. ఏడేళ్ల పిల్లవాణ్ణి, కుక్కను ఒంటరిగా ఒక గదిలో వదలకూడదు, ఎంత మంచి కుక్క అయినా సరే.

టీకాల కార్డు ఫ్రిజ్ మీద అంటించి పెట్టుకో. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య పార్వో, డిస్టెంపర్ అనే ప్రాణాంతకమైన అంటురోగాలకు టీకా మొదలవుతుంది, నాలుగు నెలల దాకా మూడు నాలుగు వారాలకోసారి వేయాలి. నెత్తురు విరేచనాలు, వాంతులు, ముక్కు పగిలే వాసన కనిపిస్తే పార్వో అనుకుని ఆ పూటే పరుగెత్తాలి, తెల్లారేదాకా ఆగితే పిల్ల దక్కకపోవచ్చు. రేబిస్ టీకా మూడు నెలలు నిండాక, ఆ తర్వాత డాక్టరు చెప్పినట్టు ఏటా. జులై 6న ప్రభుత్వ పశువైద్యశాలల్లో ఉచితంగా వేస్తారు, 1885లో లూయీ పాశ్చర్ ఒక బాలుడికి మొదటిసారి రేబిస్ టీకా ఇచ్చిన రోజు అది. ఎవరినైనా కరిచినా, పన్ను గీరినా సబ్బుతో, ధారగా పారే నీళ్లతో పావుగంట కడిగి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. మన పిల్లే కదా అని ఊరుకోవద్దు. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక మందు లేదు.

రోజూ సాయంత్రం చెవుల లోపల, వేళ్ల సందుల్లో పిడుదులు ఉన్నాయేమో చూడు. పై పెదవి ఎత్తి చిగుళ్లు చూడటం కూడా నేర్చుకో. మామూలుగా గులాబీ రంగులో ఉంటాయి. నీరసంగా ఉండి చిగుళ్లు తెల్లబడితే పిడుదుల జ్వరం కావచ్చు, రక్తపరీక్ష చేయించాలి.

జీహెచ్ఎంసీలో లైసెన్సు తీసుకోవాలి, దానికి రేబిస్ టీకా పత్రం అడుగుతారు. కుక్కను పెంచుకోవద్దని నిషేధించే హక్కు మీ అపార్ట్‌మెంట్ సంఘానికి లేదు. అయినా వాళ్లతో తగువు పెట్టుకోవడం కంటే లిఫ్టులో గొలుసు పొట్టిగా పట్టుకోవడం, మలం కవరులో ఎత్తడం, అర్ధరాత్రి మొరగకుండా చూడటం మీ చేతిలో ఉన్న పనులు.

పగలు ఇంట్లో ఎవరుంటారో నువ్వు రాయలేదు. రెండు నెలల పిల్ల మూడు గంటలకు మించి ఆపుకోలేదు, ఎనిమిది గంటలు ఒంటరిగా ఉంటే ఏడ్చి ఏడ్చి చెప్పులు, సోఫా కొరికేస్తుంది. అల్లుడుగారు ఇంటి నుంచి పనిచేసే రోజులు ఎన్ని, మీరు ఊరెళితే దాన్ని ఎవరు చూస్తారు, ఈ రెండూ తేల్చుకుని నాకు రాయండి. ఆ అమ్మేవాడికి ఇంకా డబ్బు కట్టలేదు కదా? కట్టి ఉంటే తిరిగి అడగండి. వచ్చే నెల కంటి పరీక్షకు నేను హైదరాబాద్ వస్తున్నాను. అప్పుడు దత్తత ఇచ్చే చోటికి చిన్నవాణ్ణి కూడా తీసుకుని వెళదాం, పిల్ల కళ్లు, చెవులు, చిగుళ్లు నేనే చూసి చెబుతాను.

ఇట్లు,
మీ మావయ్య