షుగరు వల్ల కాళ్ల మంటలు: వాపు బిళ్లలతో తగ్గుతాయా?

మీ నాన్నగారికి పన్నెండేళ్లుగా షుగరు, రాత్రిళ్లు అరికాళ్ల మంటలు. ఎవరో 'నరాల్లో ఇన్‌ఫ్లమేషన్' అన్నారట, వాపు తగ్గించే బిళ్లలు వేస్తే పోతుందా అని అడిగారు. పోదండీ. నేనూ అచ్చం అలాగే అనుకుని ఆరు నెలలు పోగొట్టుకున్నాను.

మాది చెన్నైలో పెరంబూరు. పారీస్ దగ్గర ఓ బట్టల కొట్టులో లెక్కలు రాస్తాను. పడుకుంటే దుప్పటి తగిలినా కాళ్లు భగ్గుమనేవి. తడిగుడ్డ చుట్టుకునేవాణ్ణి. మందుల షాపులో అడిగి ఐబుప్రోఫెన్ అనే వాపు బిళ్ల మింగేవాణ్ణి. మంట తగ్గలేదు సరికదా, డాక్టరమ్మ చేత చీవాట్లు తిన్నాను. షుగరున్న మనిషికి కిడ్నీల మీద అసలే భారం, పైగా ఇవి కూడానా అని.

ఇది కాలు బెణికితే వచ్చే వాపు కాదని ఆవిడే విడమరిచి చెప్పారు. రక్తంలో చక్కెర ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే నరాలకు రక్తం అందించే సన్నటి నాళాలు దెబ్బతింటాయి. దానికితోడు టీఎన్‌ఎఫ్ ఆల్ఫా లాంటి ఇన్‌ఫ్లమేషన్ పెంచే పదార్థాలు ఒంట్లో ఊరి, నరాన్ని లోలోపలే కుంపటిలా కాలుస్తుంటాయి. వాపు తగ్గుతుందని స్టెరాయిడ్ వేస్తే షుగరు ఇంకా ఎగబాకుతుంది. ఈ కుంపటిని ఆర్పి నరాన్ని మళ్లీ మామూలు చేస్తుందని రుజువైన బిళ్ల లేదు. 1993లో వచ్చిన డీసీసీటీ అనే పరిశోధనలో షుగరును గట్టిగా అదుపు చేస్తే టైప్ 1 (ఒంట్లో ఇన్సులిన్ ఊరని రకం) వాళ్లకు నరాల దెబ్బ 60 శాతం దాకా తగ్గింది. మనలాంటి టైప్ 2 వాళ్లకు అంత లాభం ఉండదు గానీ, అదుపు తప్పితే మాత్రం ఏ మందూ నిలబడదు.

మంటకు ప్రీగాబాలిన్ రాశారు. డ్యులాక్సిటిన్, అమిట్రిప్టిలిన్ కూడా ఇస్తారట. మొదటి వారం మత్తుకు లోకల్ రైల్లో కునుకు పట్టి పెరంబూరు దాటిపోయి విల్లివాక్కంలో దిగాను, అదీ రెండుసార్లు! మోతాదు తగ్గించాక సర్దుకుంది. రక్తంలో విటమిన్ బీ12 కూడా చూపించండి. షుగరు బిళ్ల మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే అది తగ్గొచ్చు, తగ్గితే ఇవే తిమ్మిర్లు. నాకు తక్కువే ఉంది.

అసలు భయపడాల్సింది మంటకు కాదు. ఓ ఏడాదికి ఎడమకాలి మంట దానంతటదే పోయింది. తగ్గిందని మురిసిపోయాను. మిట్టమధ్యాహ్నం తిరువొత్తియూరు గుడిలో ఒట్టికాళ్లతో ప్రదక్షిణలు చేసి వస్తే, అరికాలి బొబ్బ చూసి మా ఆవిడ కేక పెట్టింది. నాకు చురుక్కుమనైనా లేదు. తగ్గడం కాదు, మొద్దుబారడం. ఆ పుండు మానడానికి రెండున్నర నెలలు పట్టింది. ఇప్పుడు ఇంట్లోనూ ఎంసీఆర్ (మెత్తటి రబ్బరు) చెప్పులే. స్నానం నీళ్లు ముందు మా ఆవిడ చెయ్యిపెట్టి చూడాల్సిందే.

ఈ రాత్రి నాన్నగారిని కళ్లు మూసుకోమని, రెండు కాళ్ల బొటనవేలు, మధ్యవేలు, చిటికెనవేలు కొసల్ని మీ చూపుడువేలితో ఒక్క క్షణం మెల్లగా తాకండి, నొక్కొద్దు. ఆరింట్లో రెండు తెలియకపోయినా బిళ్లల సంగతి తర్వాత, ముందు పాదాలు డాక్టరుకు చూపించండి.