సైకాలజీ పీహెచ్‌డీ ఆలోచన ఉంటే ముందు ల్యాబ్‌లో చేరండి

ఇక్కడ అమెరికాలో సైకాలజీ బ్యాచిలర్స్ చేస్తున్న మన పిల్లలు నన్ను ఎక్కువగా అడిగేది జీఆర్ఈ గురించే. ఇప్పుడు చాలా ప్రోగ్రాములు దాన్ని అడగడమే మానేశాయి, డిపార్ట్‌మెంట్ పేజీలో ఒకసారి చూసుకుంటే చాలు. మీ టైం అంతా పెట్టాల్సింది ప్రొఫెసర్ల రీసెర్చ్ ల్యాబ్‌లో పని మీద. ఎందుకంటే పీహెచ్‌డీకి చాలాచోట్ల మిమ్మల్ని ఎంచుకునేది ఒక ప్రొఫెసర్, తన దగ్గర ఐదారేళ్ళు పనిచేసే మనిషి కోసం చూస్తుంటారు.

అందుకని సెకండియర్ నుంచే మీ కాలేజీ ప్రొఫెసర్లకి ల్యాబ్‌లో చేరతామని మెయిల్స్ పెట్టడం మొదలెట్టండి. "మీ రీసెర్చ్ చాలా నచ్చింది" అని రాసి ఊరుకోకుండా వాళ్ళ పేపర్ ఒకటి చదివి, అందులో మీకొచ్చిన డౌట్ ఒకటి రాసి, వారానికి ఎన్ని గంటలు రాగలరో చెప్పండి. జవాబు రాకపోతే పది రోజులాగి మళ్ళీ పెట్టండి, అందులో నామోషీ ఏం లేదు.

మొదట్లో ఇచ్చేది డేటా ఎంట్రీ లాంటి పనే, విసుక్కోకండి. ఆందోళన కొలిచే సర్వేలో మధ్యమధ్యలో "నేను ప్రశాంతంగా ఉంటాను" లాంటి తిరగేసిన ప్రశ్నలుంటాయి, వాటి స్కోరు తిప్పకుండా అలాగే కూడేస్తే రిజల్ట్ మొత్తం పాడైపోతుంది. అలాంటిది పట్టుకున్న స్టూడెంట్‌కి ప్రొఫెసర్ రాసే రికమెండేషన్ లెటర్ వేరు, క్లాసులో ఏ గ్రేడ్ వచ్చిందని రాసే లెటర్ వేరు. మామూలుగా మూడు లెటర్లు అడుగుతారు. స్టాటిస్టిక్స్, రీసెర్చ్ మెథడ్స్ గట్టిగా చదవండి, డేటా లెక్కలకి వాడే ఆర్ (R) ప్రోగ్రామింగ్ కూడా నేర్చుకోండి.

అప్లికేషన్‌తో మీ గురించి రాసి పంపే స్టేట్‌మెంట్‌ని "ఫ్రెండ్సంతా బాధలు నాకే చెప్పుకుంటారు" అని మొదలెట్టొద్దు, మీ సొంత డిప్రెషన్ కథతో నింపొద్దు. ఆ బాధ చిన్నదని కాదు, చదివేవాళ్ళు వెతికేది మీరు ఏ ప్రశ్న మీద పనిచేద్దామనుకుంటున్నారన్నది.

పేషెంట్లని చూసే క్లినికల్ సైకాలజీ అయితే ఆ ప్రోగ్రాముకి ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్) అక్రెడిటేషన్, అంటే గుర్తింపు, ఉందో లేదో తప్పకుండా చూడండి. పీహెచ్‌డీకి మామూలుగా ఫీజు మాఫీ, స్టైపెండ్ వస్తాయి, సైడీకీ (PsyD, రీసెర్చ్ కన్నా ప్రాక్టీస్ మీద ఎక్కువ దృష్టి పెట్టే డాక్టరేట్) మాస్టర్స్‌కీ ఎక్కువచోట్ల మనమే కట్టుకోవాలి. అప్లికేషన్లు చాలావరకు డిసెంబర్లోనే క్లోజ్ అయిపోతాయి. ఫండింగ్‌తో ఆఫర్ వస్తే ఏప్రిల్ 15 దాకా టైం ఇచ్చే స్కూళ్ళే ఎక్కువ, కంగారుపడి ముందే ఒప్పుకోకండి.

ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు ఇంకోటి చూసుకోవాలి. డిగ్రీ అయ్యాక ఒకట్రెండేళ్ళు ల్యాబ్ కోఆర్డినేటర్‌గా చేసి అప్పుడు అప్లై చేద్దామనుకుంటే, కాలేజీ ఇచ్చిన వీసా పత్రం ఐ-20 మీద మీ మేజర్ కోడ్ ఏముందో ఇప్పుడే చూడండి. జనరల్ సైకాలజీ 42.0101 ప్రభుత్వం పెట్టిన స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్) లిస్టులో లేదు కాబట్టి ఓపీటీ, అంటే డిగ్రీ అయ్యాక ఇక్కడ పనిచేసుకోనిచ్చే పర్మిషన్, 12 నెలలే. కాగ్నిటివ్, ఎక్స్‌పెరిమెంటల్ లాంటివి లిస్టులో ఉన్నాయి, వాటికి ఇంకో 24 నెలలు అడగొచ్చు. మీ కాలేజీలో ఆ మేజర్ ఉంటే మారే వీలుందేమో అడ్వైజర్‌ని, ఇంటర్నేషనల్ ఆఫీసుని థర్డియర్‌లోనే కనుక్కోండి.